పాత నావ కొయ్యలో మఱుగుపడిన కుళ్ళు
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో విద్యను గూర్చియో, ఐకమత్యమును గూర్చియో ముచ్చటించుట పరిపాటి. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పినవాడను గనుక నన్నును అట్టి విషయమునే యెత్తుకొనుమని కొందఱు కోరిరి. అది చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ వేదికమీదనే కలరు. నేను నేడు కొయ్యను గూర్చి చెప్పదలచితిని. ఉద్యోగవిరమణానంతరము నా యుదయకాలములు చాలవఱకు కాలువగట్టున పడవలు బాగుచేయు వడ్రంగుల యొద్దనే గడచుచున్నవి. బాడిస పట్టుట నాకు రాదు. చూచుటయు, అడుగుటయు వచ్చును. వారు చెప్పినదానిని గ్రంథములలో చదివినదానితో సరిచూచుకొని మీ యెదుట పెట్టుచున్నాను.

ఈ విషయమే యేల యందురా? ఇచట కూర్చున్నవారిలో ననేకులకు నావయందు వాటా కలదు. లేనివారికి వాటాగల అన్నదమ్ములు కలరు. ఫైబరు పడవలు వచ్చిన పిమ్మట కొత్తగా కొయ్యనావలు చెక్కించువారు తగ్గిరి గాని, పాత కొయ్యనావలు చేతులు మాఱుట ఆగలేదు. నలుగురైదుగురు కూడి, ఇంటి బంగారము కుదువబెట్టి, షావుకారు వద్ద అప్పుచేసి పాతనావను కొనుచున్నారు. కొనునపుడు యంత్రమును త్రిప్పి చూచెదరు; వలలను విప్పి చూచెదరు; తిథివారములు చూచెదరు. కొయ్యను మాత్రము బొటనవ్రేలితో రెండుచోట్ల నొక్కి, “బాగున్నది” యని లేచెదరు. ఆ నావ నెక్కి తీరము కనబడనంత దూరము పోవువారు వారి బిడ్డలే.

అమరసింహుడు వారివర్గమున నావకు సంబంధించిన పదములను చక్కగా కూర్చినాడు. చుక్కాని పట్టువానికి కర్ణధారుడనియు, నావలోని నీరు తోడు పాత్రకు సేచనమనియు, మురికి తీయు కొయ్యపారకు అభ్రియనియు పేర్లు చెప్పినాడు. నీరు తోడుటయు, మురికి గీకుటయు పూర్వులకు నిత్యకృత్యములని దీనివలన తెలియుచున్నది. భోజుని పేర ప్రసిద్ధమైన యుక్తికల్పతరువు ఇంకను ముందునకు పోయి, బరువు, గట్టిదనము అను రెండు గుణములనుబట్టి కొయ్యను నాలుగు జాతులుగా విభజించి, తేలికయు గట్టిదియునైన కొయ్య నావకు శ్రేష్ఠమని నిర్ణయించినది. ఈ విభాగము నాకు మిక్కిలి ప్రీతికరము. ఏలయన, కుళ్ళు హరించునవి సరిగా ఈ రెండు గుణములే. కుళ్ళిన కొయ్య ముందు గట్టిదనమును కోల్పోవును. ఆరినపుడు చేతబట్టి చూచిన బరువును గూడ కోల్పోయినట్లు తెలియును. కొత్తకొయ్య నెన్నుకొనుటకు చెప్పిన పరీక్షను పాతనావకు వర్తింపజేయుటయే నేడు నేను చెప్పబోవునది.

కుళ్ళనగా నేమి? కొయ్య తనంతట తాను ముసలిదై చివుకుట కాదు. పుట్టగొడుగుల జాతికి చెందిన శిలీంధ్రములు సన్నని దారములవలె కొయ్యలోనికి ప్రాకి దాని సారమును తినుటయే కుళ్ళు. వానికి కొయ్య ఆహారము. అదిగాక తేమ, గాలి, వెచ్చదనము కావలయును. నూటికి 20 పాళ్లకు తక్కువ తేమ గల కొయ్యలో అవి పెరుగజాలవు. తేమ 30 పాళ్లకు చేరినచో విజృంభించును. మన తీరపు వెచ్చదనము వానికి ఏడాది పొడుగున అనుకూలమే. కొయ్య పూర్తిగా నీట మునిగి నానియున్నచో గాలి చొరదు గనుక ఆ కుళ్ళు పట్టదు. ఉప్పు కూడ శిలీంధ్రమునకు విరోధియే. కావుననే పూర్వము అమెరికాలో ఓడలు కట్టువారు లోపలి కొయ్యల నడుమనున్న ఖాళీలలో ఉప్పు దట్టించెడివారు. ఇదంతయు ఒక వృద్ధవడ్రంగి నాకు ఒక్క మాటలో చెప్పెను: “నావని తినేది సముద్రం నీళ్ళు కాదు పంతులుగారూ, వాన నీళ్ళు.”

మన వాడుక దీనికి సరిగా వ్యతిరేకముగా నున్నది. సముద్రము తాకు క్రిందిభాగమునకు గుగ్గిలపునూనెయో తారో పూసి భద్రము చేసెదము. వాననీరు నిలుచు పైభాగమునకు రంగువేసి విడిచెదము. పరీక్షించునపుడును క్రిందికి వంగి చూచెదము గాని, పైపలకల క్రిందికి దూరి చూడము.

దేశాంతరముల కథలు రెండు చెప్పెదను. స్వీడను రాజు కట్టించిన వాసా యను యుద్ధనౌక 1628లో మొదటి ప్రయాణముననే రేవులో మునిగెను. 1961లో దానిని పైకి తీసినపుడు 333 ఏండ్లు నీట నున్న నౌక రూపు చెడక నిలిచియుండెను. ఆ సముద్రమున ఉప్పు తక్కువ యగుటచే కొయ్యను తొలుచు ఓడపురుగు అచట లేకపోవుటయు నొక కారణము. దీనికి మాఱుగా, ఇంగ్లండులో 1810లో నీట దింపిన క్వీన్ షార్లెటు అను గొప్పనౌక యుద్ధమునకు పోకమునుపే రేవుననే కుళ్ళి మరమ్మతునకు వచ్చెను. మునిగినది మిగిలెను, తేలుచున్నది చెడెను. అంతకు పూర్వము 1782 ఆగస్టు 29న స్పిట్‌హెడ్ వద్ద లంగరు వేసియున్న రాయల్ జార్జి మునిగి సుమారు 900 మంది మరణించిరి. విచారించిన సైనికన్యాయస్థానము దాని కొయ్యలు చివికియుండుటయే కారణమని తలచెను. తరువాతివారిలో కొందఱు ఈ నిర్ణయమును శంకించిరి గాని, కొయ్యల దురవస్థను గూర్చి సాక్ష్యమిచ్చినవారు అప్పుడే యుండిరి. తెలిసియు ఆ నౌకలో జనమును నింపియుంచిరి!

మన టేకునకు ఈ విషయమున గొప్ప కీర్తి కలదు. బొంబాయిలో పారసీకులైన వాడియా వంశీయులు టేకుతో కట్టి 1817లో నీట దింపిన ట్రింకోమలీ యను నౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూలు రేవున తేలియున్నది. అయితే ఆ మన్నిక యంతయు చేవది. చేవచుట్టు నుండు తెల్లచెక్కకు టేకుననైనను ఆ శక్తి లేదు. “టేకునావ” యని చెప్పినంతమాత్రమున తృప్తిపడరాదు. పలక యంచున తెల్లచెక్క యెంత విడిచినారో చూడవలయును. మామిడిపలకలు వేసిన నావను గూర్చి చెప్పనే యక్కఱలేదు.

ఇక కుళ్ళు ఎచట దాగునో చూతము. వాననీరు చొచ్చుచోటు, నిలుచుచోటు, గాలి యాడని చోటు, కొయ్య కోతముఖము తెఱచియున్న చోటు, ఈ నాలుగింటిలో రెండు కలిసినచోట ముందుగా వెదకవలయును. కొయ్య నారవెంబడి నీటిని పీల్చునంతగా ప్రక్కనుండి పీల్చదు. కావున దూలముల కొనలు, పలకల అతుకులు, గుంజల మొదళ్లు మొట్టమొదట చెడును. పైతట్టు పలకలు ప్రక్కపలకలను కలియు అంచు, ఆ తట్టును మోయు దూలముల రెండు కొనలు, వెనుకపలక మూలలు, పడవ ముక్కు లోపలి సందు, తెరచాపకొయ్య మొదలు నిలుచు గుంట, ఇవి ముఖ్యములు. అడుగున ప్రక్కటెముకలవంటి అడ్డకొయ్యల క్రింద నీరు పాఱుటకు చిన్న రంధ్రములుండును; చేపపొలుసు, ఇసుక, వలపోగులు చేరి అవి పూడిపోయినచో ఒక్కొక్క అరలో వాననీరు నెలలతరబడి నిలుచును. లోపల అందమునకై మఱియొక వరుస పలకలు కొట్టిన నావలయందు ఆ రెండువరుసల నడుమ చీకటిలో నేమి జరుగుచున్నదో యజమానునకే తెలియదు. మంచునిలువ చేయు అర చుట్టును అట్లే. మంచు కరగిన నీరు మంచినీరే గదా!

పరీక్షకు కాలము ముఖ్యము. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేటనిషేధముండును గనుక, యంత్రనావలు ఒడ్డున నుండు ఆ దినములకంటె అనుకూలమైనవి లేవు. ఒడ్డునకు లాగిన దినముననే చూడరాదు. నానిన పలక అంతయు ఒక్కటే మొద్దుశబ్ద మిచ్చును. కొన్ని దినములు నీడను ఆరనిచ్చి, అంతయు ఆరిన పిదప ఎచట నింకను చెమ్మ ఊరుచున్నదో అచట గుర్తు పెట్టవలయును.

ముందు దూరమున నిలిచి నావ యొడలి గీతను చూడవలయును. నడుము పైకుబికి కొనలు వ్రాలినచో లోపలి బంధములు సడలినవని యర్థము. పిదప దగ్గఱకు వచ్చి రంగును చూడవలయును. బాగుగా నున్న కొయ్యమీది రంగు ఎండకు వెలియును. కుళ్ళినకొయ్యమీది రంగు పొక్కును, నెఱియలు విచ్చును, లేదా పలక లోపలికి కృశించి అలలుగా కనబడును. అమ్మకమునకు ముందు వారములో వేసిన రంగు నాకు శుభలక్షణముగా తోచదు. పసుపుకుంకుమలు నావకు పెట్టుట మన యాచారము, పెట్టవలసినదే. రంగుడబ్బా సంగతి వేఱు.

తరువాత ముక్కు. పైపలక యెత్తి, తల లోపలికి పెట్టి వాసన చూడవలయును. చేపకంపు, నూనెకంపు మనకు అలవాటే. వానిక్రింద పుట్టగొడుగుల కమరు, తడిమట్టి వాసన తగిలినచో ఆ యరను విడువరాదు. అటుపిమ్మట చెవి. చిన్న కొయ్యసుత్తితో జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టుచు పోవలయును. మంచికొయ్య ఖంగున పలికి సుత్తిని వెనుకకు త్రోయును. కుళ్ళినది బూరుగుదిండును కొట్టినట్లు చప్పుడును మ్రింగును. ఇందు నొక చిక్కు కలదు. పలక వెనుక లావుకొయ్య యున్నను, చీల వదులైనను శబ్దము మాఱును. కావున అనుమానము కలిగినపుడు నావ రెండవప్రక్కన అదే స్థానమున కొట్టి రెండు శబ్దములను పోల్చవలయును. ఇది నాకు నేర్పినవాడు వ్రాయుట, చదువుట ఎఱుగడు. కాని తర్కశాస్త్రమున నింతకు మించిన విధి నేను చూడలేదు.

చెవి చెప్పినదానికి దబ్బనము సాక్ష్యము చెప్పవలయును. నిలువుగా గ్రుచ్చి బలము చూచుట ఒకటి. ఏటవాలుగా కొంచెము గ్రుచ్చి పైకి మీటుట మఱియొకటి. రెండవదియే మేలు. మంచికొయ్య పొడుగైన పేడుగా పగిలి చిటచిటలాడుచు లేచును. కుళ్ళు ఆరంభమైన కొయ్య చూచుటకు గట్టిగానే యున్నను, నార తెగి, పొట్టిముక్కగా చప్పుడు లేక విఱుగును. ముదిరినపుడు కొన్నిజాతుల కుళ్ళు కొయ్యను గోధుమవన్నెకు దెచ్చి కాలిన కట్టెవలె చదరపుముక్కలుగా పగులగొట్టును. కొన్ని తెల్లబఱచి పీచుపీచు చేయును. తేమను కొలుచు చిన్న విద్యుద్యంత్రములు కూడ నిపుడు దొరకుచున్నవి. ఉప్పుపట్టిన కొయ్యమీద అవి ఉన్నదానికంటె ఎక్కువ తేమను చూపును గనుక, ఆ యంకెను నమ్మి నిర్ణయము చేయరాదు. ఎచట వెదకవలెనో తెలిసికొనుటకు మాత్రము పనికివచ్చును.

ఈ సందర్భమున నేను చూచిన దొకటి చెప్పవలసియున్నది. కొంతకాలము క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు మువ్వురు వాటాదారులతో కూడి పాతనావ నొకదానిని కొనబోవుచు నన్నును ఆ వృద్ధవడ్రంగిని వెంటబెట్టుకొని పోయెను. నావ నీలిరంగుతో నిగనిగలాడుచుండెను. వడ్రంగి తట్టుపలకలన్నియు ఎత్తుమనగా అమ్మువానికి కష్టము తోచెను. “తాతా, మొన్న అమావాస్య వేటలోగూడ చుక్క నీరెక్కలేదు, నా కొడుకులిద్దఱును దానిమీదనే పోయి వచ్చిరి” అనెను. అతడు చెప్పినది నిజమే. క్రిందిపలకలు దిట్టముగా నుండెను; నీరేల యెక్కును? వడ్రంగి మఱుమాటాడక వెనుకభాగమున దూరి కొట్టుకొనుచు పోయి చుక్కాని ప్రక్క మూలలో ఆగెను. అచట నెప్పుడో ఇనుపగుంజ నొకదానిని పెఱికి, ఆ రంధ్రములను రంగుముద్దతో పూడ్చియుండిరి. వాననీరు ఏటేట ఆ త్రోవనే దిగినది. దబ్బనము పిడివఱకు పోయెను. బరమాతో తొలువగా ముదురురంగు పొడి తడినస్యమువలె వచ్చెను. వెనుకపలకను పట్టియుంచిన దూలపుగొన యంతయు రంగుపొర లోపల పిండియై యుండెను.

అమ్మువాడు ఆ రంధ్రములో వ్రేలుపెట్టి చాలసేపు నిలిచెను. అతని చిన్నకొడుకు చుక్కాని పట్టి కూర్చుండు చోటు అదియే. బేర మచటితో నిలిచెను, కోపములేదు, వాదములేదు. మూడవదినమున అతడే వచ్చి ఆ వడ్రంగిని పనికి పిలుచుకొనిపోయెను. వెనుకపలకయు, రెండు దూలములును మార్చినారు. నావను ఆ పిమ్మట ఎవరికిని అమ్మలేదని వింటిని.

“నీరెక్కలేదు” అను మాట ఎంత దుర్బలమైన ప్రమాణమో దీనివలన గ్రహింపుడు. తేలుట వేఱు, అలల తాకుడును యంత్రపు అదురును సహించుట వేఱు.

చీలలను గూర్చి కొంచెము. యుక్తికల్పతరువు నావపలకలను ఇనుముతో బంధింపరాదనినది. సముద్రమునందలి అయస్కాంతశిలలు ఆకర్షించునని దానికి కారణము చెప్పినది. ఆ కారణమును నేడెవ్వరును అంగీకరింపరు. ఇనుమువలన కొయ్యకు కీడు కలదనుట మాత్రము ప్రత్యక్షము. తుప్పుపట్టిన చీల చుట్టును కొయ్య నల్లబడి మెత్తబడును. చీల తల గుండ్రముగా బాగుండియే లోపల నడుము సూదివలె సన్నబడును. పలకమీద చీలతల క్రింద ఎఱ్ఱని చాఱ జాఱియున్నచో ఒకటి రెండు చీలలను పెఱికి చూపుమని యడుగవలయును. ఇత్తడి, రాగి, ఇనుము ఉప్పునీట ఒకదానికొకటి తగిలియున్నచో ఇనుము త్వరగా క్షయించును. 1761లో అలారం అను ఆంగ్లనౌకకు రాగిరేకు కొట్టించి, పిదప పరీక్షింపగా, రాగికి తగిలిన ఇనుపచీలలు తినివేయబడియుండుటయు, నడుమ కాగితము అడ్డుపడినచోటి చీలలు నిలిచియుండుటయు కనుగొనిరి. కంచు పంకా బిగించినచోట ఇనుపచీలలను మనవారు ఇప్పటికిని కొట్టుచున్నారు.

ఓడపురుగు కుళ్ళు గాకున్నను దాగుటలో దానికి తోబుట్టువే. పేరునకు పురుగేగాని అది నత్తగుల్లల జాతి జంతువు. గుండుసూది తలయంత రంధ్రముతో పసితనమున లోపలికి చొచ్చి, లోపలనే పెరిగి, నారవెంబడి సొరంగము త్రవ్వి, దానికి సున్నపుపూత పూసికొనును. పైన కనబడునది ఆ సూదిరంధ్రమే. ఇది మాత్రము ఉప్పునీటి వ్యాధి. కావున నీటిగీతకు క్రిందిభాగమున నాచును గీకివేసి, ముఖ్యముగా అడుగుదూలమునందు, సూదిరంధ్రముల కొఱకు వెదకవలయును. ఏటిలోని మంచినీట నావను కొన్నివారములు కట్టియుంచిన ఆ పురుగు చచ్చును. కొన్నిదినములతో చావదు, ద్వారమును మూసికొని ఓపికపట్టును. వింత యేమన, ఆ మంచినీరే పైభాగమున నిలిచినచో కుళ్ళునకు పుట్టినిల్లగును.

ఈ మధ్య పాతకొయ్యనావలకు పైనుండి ఫైబరు తొడుగు వేయించుట వాడుకయైనది. బాగుగా ఆరిన మంచికొయ్యమీద నిపుణులు వేసినచో అది రక్షణయే. తడికొయ్యమీదను, కుళ్ళుమీదను వేసినచో తేమను లోపల బంధించి, కుళ్ళును కంటికిని, సుత్తికిని అందకుండ చేయును. అట్టి నావను కొనువారు లోపలివైపునుండి తప్పక తొలిచి చూడవలయును.

తొలుచుటకు యజమానులు ఒప్పుకొనుట లేదన్నదే వడ్రంగుల ముఖ్యఫిర్యాదు. సన్నని బరమాతో, మెల్లగా, చేతితో త్రిప్పుచు లోతులోతున వచ్చు పొడిని అరచేత పట్టి చూచుటకంటె నమ్మదగిన పరీక్ష లేదు. పొడిగా చుట్టలు చుట్టుకొని వచ్చినది మంచికొయ్య. ముద్దగానో, పిండిగానో వచ్చినది చెడినది. ఆ రంధ్రమును చేవగల కొయ్యమేకునకు మందుపూసి బిగించినచో నావకు లోటులేదు. కుళ్ళు దొరికినపుడు మెత్తబడిన మేరకే కోసి ఊరకుండరాదు. శిలీంధ్రపు దారములు మంచిగా కనబడుకొయ్యలోనికిని పోయియుండును గనుక నారవెంబడి మఱి రెండడుగులైన తీసివేయుట మేలు. ఎండబెట్టితిమి, ఇక భయములేదనుకొనుటయు తప్పే. ఆరిన కొయ్యలో శిలీంధ్రము చావక నిద్రించి, మరల తడి తగిలినపుడు మేల్కొనును. ముందుగా నీరు దిగిన త్రోవను మూయనిది కొత్తపలక వేసియు ఫలములేదు.

సభామంటపము వెనుక వేపచెట్టు క్రింద, విప్పిన నావనుండి తెచ్చిన దూలపుముక్కలు రెండు పెట్టించితిని. ఒకటి మంచిది, ఒకటి చెడినది. రెంటికిని ఒకే నీలిరంగు వేయించితిని. నేను చెప్పిన వృద్ధవడ్రంగియు అచటనే కొయ్యసుత్తితో కూర్చుండియున్నాడు. భోజనములకు పూర్వము వచ్చి, కన్నులు మూసికొని కొట్టి, ఏది యేదియో చెప్పుడు. దబ్బనము మాత్రము పిల్లల చేతికీయవలదు.